అటక మీద బాడుగ

పదకొండు దాటాక
ఉలవపాడులో మెలకువగా ఉండేవి మూడే:
హైవే మీద లారీలు,
నా కుట్టుమిషను,
నా నెత్తిన పెంకుల కింద అది.

మొదట్లో ఎలకనుకున్నా.
ఎలకకి అంత బరువుండదు.
దొంగనుకున్నా.
దొంగకి అంత ఓపికుండదు.
పక్కింటి సుబ్బరత్తమ్మ మాత్రం గోడ మీదనుంచి తేల్చేసింది:
"నడిరేత్రి వండతండావు మే నువ్వు.
మొలగొలుకులు ఉడికే వాసన మా మంచం దాకా వస్తండాది.
ఎవురికి పెడతండావు?"

పొయ్యిలో పిల్లి లేవలేదు నాకు ఆ పూట.
లేచిన పిల్లి వేరే ఉంది.

తాళ్లెక్కే మాల్యాద్రి ముక్కెగబీల్చి నవ్వాడు.
"మానుపిల్లక్కా. ఆ వాసన దాని ఒంటిదే.
తిరిగిన దోవంతా తోక కింద రాసుకుంటా పోతాది,
ఇది నా వీధి అని.
నా ముంతలో తొలి బేరం దానిదే.
మూతికి తుమ్మకంప కట్టినా తాగుద్ది,
తాగి కంప మళ్లీ సర్దిపెట్టి పోతాది."
సర్దిపెట్టడం మటుకు
వాడి కల్లు చెప్పిన మాట.

ఒక రాత్రి టార్చి వేశాను.
దూలం మీద, కాటుక చెరిగిన మొహం,
ఒళ్లంత పొడుగు తోక,
రవిక మీద ఇంకా కుట్టని రెండు గుండీల్లా కళ్లు.
పారిపోలేదు.
ఇస్తానన్న తేదీ దాటించిన దర్జీని చూసినట్టు
నన్ను చూసింది.

అప్పట్నించి పిట్టగోడ చూడటం అలవాటైంది.
రోజూ ఒకే మూల, ఒకే కుప్ప:
సపోటా గింజలు, ఈతగింజలు,
ఎవరో కడిగి ఆరబోసినంత శుభ్రంగా.
ఒక్కోనాడు బొద్దింక రెక్కలు.
ఒకనాడు ఎలక తోక, అచ్చం బూటు లేసులా.

ఇంటి ఓనరు కోటిరెడ్డికి మామిడికాయల మండీ ఉంది.
అందులో కార్బైడు గంపల వరస వాసన చూసి వదిలేసి,
ఇంటికోసం గడ్డిలో మాగేసుకున్న గంపలో
నాలుగు పళ్లు తినిపోయింది.
ఆయన కోపం పళ్లు పోయినందుకు కాదు,
కూలోళ్ల ముందు తేడా తెలిసిపోయినందుకు.

బోను తెప్పించాడు. అరటిపండు కట్టాడు.
రెండో రోజు చిక్కింది
సుబ్బరత్తమ్మ మేకపిల్ల.

అటక మీద పిల్లలున్నాయని నాకు అప్పటికే తెలుసు.
మిషను ఆగితే కీచుమనేవి,
తొక్కితే ఊరుకునేవి.
తల్లి తోటల మీదికి పోయిన రెండు రాత్రులు
గుడ్డ లేకుండా, సూదిలో దారం లేకుండా
ఊరికే తొక్కాను.
కాళ్లు పీకినా ఎవరితో చెప్పుకునే పని కాదు.

మబ్బు పట్టిన రాత్రి, కరెంటు పోయాక
కేబులు తీగ మీద వెళ్లిపోయింది,
మెడ పట్టుకుని ఒక్కోదాన్నీ.
మూడుసార్లు.
నాలుగోసారి తిరిగొచ్చి,
అటకంతా వెతికి,
ఉత్త నోటితో పోయింది.
దానికి లెక్క రాదో, నాకే రాదో.

తెల్లారి నిచ్చెన వేసి చూస్తే
పీలికల గూడు, గుండ్రంగా, ఇంకా వెచ్చగా.
మధ్యలో సుబ్బరత్తమ్మ వెంకటగిరి జరీ ముక్క.
పోగొట్టిందని పనిపిల్లని నోటికొచ్చినట్టు తిట్టానే, అదే.
రెండుసార్లు ఉతికాను, ఎండేశాను.
మూడోసారి ఉతకబుద్ధి కాలేదు.
కుట్టి ఇచ్చేశాను.

కందుకూరులో పెళ్లికి తొడుక్కుపోయి
మర్నాడే వచ్చి నా మిషను ముందు నిలబడింది.
"బంతిలో పక్కనోళ్లంతా నన్నే చూస్తండారు మే.
నా తోడికోడలు అడిగేసింది,
ఏందక్కా, నీ దగ్గర కొత్తన్నం వాసన అని.
ఏం కలిపి కుట్టావు దీంట్లో?"

నా నోట్లో గుండుసూదులున్నాయి.
మాట్లాడలేదు.